పాత ట్యూబ్ ఆంప్‌ను బాగుచేయాలా, ముందు చిన్నది కట్టుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గిటార్ వాయిస్తారు, టంకం వేయడం కొంత తెలుసు. 1960ల నాటి అమెరికన్ ట్యూబ్ ఆంప్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే గిటార్ ఆంప్లిఫయర్) ఒకటి మీ చేతికి వచ్చింది. రెండు 6ఎల్6 పవర్ ట్యూబులు, రెండు పిన్నుల ప్లగ్గు. ఏళ్ల తరబడి ఎవరూ ఆన్ చేయలేదు. దాన్ని బాగుచేస్తూనే పని నేర్చుకోవచ్చా, లేక కిట్ తెచ్చుకుని చిన్న ఆంప్ కట్టిన తర్వాతే దీని జోలికి రావాలా? లోపలి పాత భాగాలన్నీ మార్చేయాలా? ట్యూబులు పాత కాలం నాటివే వెతికి కొనాలా?

నా సమాధానం: ముందు చిన్న ఆంప్ ఒకటి కట్టండి. అప్పటిదాకా పాతదాన్ని ప్లగ్గులో పెట్టవద్దు. ఒక్కసారి ఆన్ చేసి చూద్దామన్న కోరిక ఎంత బలంగా ఉన్నా ఆగండి. చిన్నది పూర్తయ్యాక పాతదాన్ని తెరవండి. వయసు వల్ల చెడిపోక తప్పని భాగాలను మార్చండి. మిగతా వాటిలో దేన్నీ కొలిచి చూడకుండా ముట్టుకోవద్దు. ట్యూబుల సంగతి చివర్లో చెబుతాను, అది అన్నిటికన్నా తేలిక.

ఎందుకంటే, కొత్తగా కట్టేదాంట్లో ప్రతి భాగమూ మంచిదేనని మీకు తెలుసు. మోగకపోతే తప్పు మీ తీగల్లోనే ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది. పాతదాంట్లో ఇన్నేళ్లలో ఎంతమంది చేయి పెట్టారో ఎవరికీ తెలియదు. ఎండిపోయిన కెపాసిటర్, మధ్యలో ఎవరో వేసిన అరకొర అతుకు, ఇప్పుడు మీరు కదిపిన తీగ, ఈ మూడూ కలిస్తే ఏ లక్షణం దేనివల్ల వచ్చిందో విడదీయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. పైగా నేర్చుకునేటప్పుడు దొర్లే పొరపాటు కిట్ మీద జరిగితే ఒక రెసిస్టర్ కాలుతుంది. పాతదాని మీద జరిగితే అసలు ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. అలాంటిది కొత్తగా చుట్టించుకోవచ్చు కానీ, ఆ ఆంప్ ఇక మునుపటిది కాదు.

పనిలోకి దిగే ముందు ప్రాణానికి సంబంధించిన మాట. ఈ పెట్టెల్లో 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా అది పోదు. డీసీని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు ఆ చార్జిని పట్టి ఉంచుతాయి, కొన్నిసార్లు చాలాసేపు. ట్యూబులను వేడిగానే ఉంచి అధిక వోల్టేజీని మాత్రం ఆపే స్టాండ్‌బై స్విచ్‌ను ముందు ఆపేసి ఆ తర్వాత పవర్ ఆపితే, చాలా ఆంప్‌లలో మొదటి ఫిల్టర్ కెపాసిటర్‌కు ఖాళీ అయ్యే దారే ఉండదు. అందుకే 10 వాట్ల, కొన్ని కిలో ఓంల రెసిస్టర్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు తీగలు అతికించి ఉంచుకోండి. ఒక క్లిప్పు ఛాసిస్‌కు, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు పెట్టెకు, పెట్టి, రెండోది కెపాసిటర్ పాజిటివ్‌కు తాకించి కొన్ని క్షణాలు ఉంచాలి. తర్వాత మీటర్‌తో కొలవాలి. మీటర్ సున్నాకు దగ్గరగా చూపించాకే చేయి పెట్టాలి. పని అయ్యేదాకా క్లిప్పు అక్కడే ఉండనివ్వండి, ఎందుకంటే ఖాళీ చేసిన పెద్ద కెపాసిటర్ కాసేపటికి తనంతట తానే కొంత వోల్టేజీని తిరిగి తెచ్చుకుంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం కొందరి అలవాటు. అది కెపాసిటర్‌కూ మంచిది కాదు, కళ్లకూ మంచిది కాదు. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నల్ల తీగను క్లిప్పుతో ఛాసిస్‌కు బిగించి, ఒక్క చేత్తోనే కొలవండి. రెండో చేయి దేన్నీ తాకకూడదు.

ఇక కట్టడానికి ఏది తీసుకోవాలి? నేను ఎవరికైనా ఒకటే చెబుతాను: 1950ల చివరి నాటి ఫెండర్ చాంప్, 5ఎఫ్1 సర్క్యూట్. ట్యూబులు మూడే: ఒక 12ఏఎక్స్7, ఒక 6వీ6, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా ఒక 5వై3. అంతే. సుమారు 5 వాట్లు. గిటార్ సంకేతం 12ఏఎక్స్7లోని మొదటి సగంలో పెరుగుతుంది. వాల్యూమ్ దాటి రెండో సగంలో మళ్లీ పెరుగుతుంది. 6వీ6 దానికి బలం ఇస్తుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని స్పీకర్‌కు తగినట్టు మారుస్తుంది. టోన్ నియంత్రణ కూడా లేదు. ఇంత చిన్న సర్క్యూట్‌లో ట్యూబ్ ఆంప్ సిద్ధాంతం దాదాపు మొత్తం ఉంది. దీన్ని కాగితం చూడకుండా గీయగలిగిన రోజున మీ పెద్ద ఆంప్ సర్క్యూట్ కాగితం కూడా మీకు అర్థమవుతుంది.

కట్టేటప్పుడు హీటర్ తీగలతో, అంటే ట్యూబులను లోపల వేడిచేసే కరెంటు తీగలతో, మొదలుపెట్టండి. రెండు తీగలనూ గట్టిగా మెలిపెట్టి, ఛాసిస్ మూలకు ఆనించి, గ్రిడ్ తీగలకు (ట్యూబులోకి సంకేతాన్ని తెచ్చేవాటికి) దూరంగా నడపాలి. 12ఏఎక్స్7లో 4, 5 పిన్నులను కలిపి ఒక తీగ, 9వ పిన్నుకు రెండో తీగ. పిన్నులను ఎప్పుడూ సాకెట్ కింది వైపు నుంచి, గడియారం ముల్లు తిరిగే దిశలో లెక్కపెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లో హీటర్ చుట్టకు మధ్య తీగ లేకపోతే, రెండు వైపుల నుంచి చెరొక 100 ఓంల రెసిస్టర్‌ను గ్రౌండ్‌కు పెడితే సరిపోతుంది. ఈ ఒక్క పని శ్రద్ధగా చేస్తే తర్వాత హమ్ (స్పీకర్‌లో ఆగకుండా వినిపించే మోత) ఎక్కడిదని వెతకడం చాలా తగ్గుతుంది.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్‌కూ ఆంప్‌కూ మధ్య ఫిలమెంట్ బల్బును సీరీస్‌లో పెట్టండి. చిన్న ఆంప్‌కు 60 వాట్ల బల్బు చాలు, ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. ముందు ట్యూబులు లేకుండా హీటర్ వోల్టేజీ, రెక్టిఫయర్ సాకెట్ 4, 6 పిన్నుల దగ్గర ఏసీ వోల్టేజీ కొలవండి. సరిగా ఉంటే ట్యూబులన్నీ, స్పీకరూ పెట్టి మళ్లీ ఆన్ చేయండి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపేయాలి. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్‌ను ఎప్పుడూ నడపవద్దు. లోడు లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (ట్యూబు వైపు చుట్టలో) పుట్టే వోల్టేజీ దాని ఇన్సులేషన్‌నే చీల్చేయగలదు.

తొలిసారి మోగించగానే భయంకరంగా అరిస్తే కంగారు పడకండి. ఈ సర్క్యూట్‌లో స్పీకర్ నుంచి రెండో దశ కాథోడ్‌కు (ట్యూబులో ఎలక్ట్రాన్లు వెలువడే కొసకు) వెనక్కి ఒక తీగ వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తీగలు అటుదిటు అయితే ఆ తీగ శబ్దాన్ని అణచడానికి బదులు పెంచుతుంది. ప్రైమరీ తీగలు రెండూ తారుమారు చేస్తే అరుపు ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తీగల రంగులు అన్ని తయారీల్లో ఒకేలా ఉండవు కాబట్టి ఇది చాలామందికి ఎదురవుతుంది.

అది మోగాక మీటర్ తీసుకుని కూర్చోండి, అసలు పాఠం అక్కడుంది. 12ఏఎక్స్7 కాథోడ్ కింద 1.5 కిలో ఓంల రెసిస్టర్ ఉంటుంది. దాని మీద 1.5 వోల్టులు కనిపిస్తే, ట్యూబులో 1 మిల్లీఆంపియర్ పారుతోందన్నమాట. అదే కరెంటు పైన ప్లేట్‌కు (ఎలక్ట్రాన్లు చేరే కొసకు) ఉన్న 100 కిలో ఓంల ప్లేట్ రెసిస్టర్‌లోంచి కూడా పారాలి, అంటే దాని మీద 100 వోల్టులు పడిపోవాలి. కొలవండి. పడిందా? అయితే ఆ రెండు రెసిస్టర్లూ, ఆ ట్యూబూ, ఆ అతుకులూ అన్నీ బాగున్నట్టే. రెండు కొలతలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పే ఆ క్షణం ఇప్పటికీ నాకు ఎంతో ఇష్టం. 6వీ6 దగ్గర కూడా ఇదే లెక్క: 470 ఓంల కాథోడ్ రెసిస్టర్ మీద 20 వోల్టులు ఉంటే సుమారు 42 మిల్లీఆంపియర్లు. ఈ అలవాటు చేతికొస్తే పాత ఆంప్‌లో జబ్బును ఊహించే అవసరం ఉండదు, కొలతే చెబుతుంది.

ఇప్పుడు మీ పాత ఆంప్ దగ్గరికి వద్దాం.

తెరవగానే ఫొటోలు తీయండి, ప్రతి మూలా, ప్రతి తీగా. తర్వాత పొటెన్షియోమీటర్ల వెనక ముద్రించిన అంకెలు చదవండి. ఉదాహరణకు 1376512 అని ఉంటే, 137 తయారీదారు సంకేతం, అది సీటీఎస్. 65 అంటే 1965, 12 అంటే ఆ ఏడాది పన్నెండో వారం. స్పీకర్ల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల మీద కూడా తరచుగా ఇలాంటి సంకేతాలే ఉంటాయి, జెన్సెన్ స్పీకరైతే 220తో మొదలవుతుంది. అన్నీ ఒకే కాలానికి దగ్గరగా ఉంటే మీ దగ్గర ఉన్నది పెద్దగా చెదరని ఆంప్. అలాంటప్పుడు మీ చేయి ఇంకా తేలిగ్గా పడాలి.

తప్పకుండా మార్చాల్సినవి రెండే రెండు.

మొదటిది పవర్ తీగ, దానితోపాటు ఛాసిస్‌కు వెళ్లే కెపాసిటర్. రెండు పిన్నుల కాలంలో హమ్ తగ్గించడానికి మెయిన్స్ తీగకూ ఛాసిస్‌కూ మధ్య ఒక కెపాసిటర్ పెట్టేవారు, చాలాసార్లు 0.047 మైక్రోఫారడ్, 600 వోల్టులది. వెనక గ్రౌండ్ స్విచ్ అని ఉండేది దీన్ని అటూ ఇటూ మార్చడానికే. అది షార్ట్ అయితే మెయిన్స్ కరెంటు నేరుగా ఛాసిస్‌కు, అక్కడి నుంచి మీ గిటార్ తీగలకు వస్తుంది. వాయించేవాళ్లు దాన్ని మృత్యు కెపాసిటర్ అని పిలుస్తారంటే ఊరికే కాదు. దాన్ని తీసేయండి. మూడు పిన్నుల తీగ వేసి, ఎర్తు తీగకు ఛాసిస్ మీద విడిగా ఒక బోల్టు కేటాయించండి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు కింద దూర్చవద్దు. లైవ్ తీగ ముందు ఫ్యూజుకు, తర్వాత స్విచ్‌కు వెళ్లాలి. ఆ కాలపు అమెరికన్ ఆంప్‌లు 117 వోల్టులకు తయారైనవి. 220-240 వోల్టులు వచ్చే చోట తగిన సామర్థ్యం ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఎర్తు దానిలోంచి తెగకుండా ఆంప్ దాకా వస్తోందో లేదో మీటర్‌తో చూసుకోండి.

రెండోది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అన్నీ. వీటి లోపలి ద్రవం వాడినా వాడకపోయినా ఎండిపోతుంది. వేరియాక్‌తో (మెయిన్స్ వోల్టేజీని కావలసినంతకు మార్చే ట్రాన్స్‌ఫార్మర్‌తో) వోల్టేజీ మెల్లగా పెంచి వాటిని మళ్లీ లేపవచ్చని చదివి ఉంటారు. కొంతకాలం పనిచేస్తాయి, నిజమే. కానీ ఈ వయసు కెపాసిటర్ వాయిస్తుండగా షార్ట్ అయితే రెక్టిఫయర్‌నూ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌నూ వెంట తీసుకుపోతుంది. ఆ జూదం వద్దు. విలువలు పాతవాటికి దగ్గరగానే ఉంచండి. మొదటి ఫిల్టర్‌ను ఇష్టమొచ్చినట్టు పెంచితే ట్యూబ్ రెక్టిఫయర్ తట్టుకోలేదు, వాటిలో బలమైన జీజెడ్34 ట్యూబుకే పరిమితి 60 మైక్రోఫారడ్‌లు. పెద్ద ఆంప్‌లలో రెండు కెపాసిటర్లు సీరీస్‌లో ఉండి, ఒక్కోదాని మీద 220 కిలో ఓంల రెసిస్టర్ ఉంటుంది. ఆ రెసిస్టర్లను కూడా కొత్తవి వేయండి.

బయాస్ కెపాసిటర్ దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. బయాస్ అంటే పవర్ ట్యూబు గ్రిడ్‌కు ఇచ్చి దాని కరెంటును అదుపులో ఉంచే వోల్టేజీ, అది నెగటివ్. కాబట్టి కెపాసిటర్ పాజిటివ్ కొస ఛాసిస్ వైపు ఉంటుంది, మిగతావాటికి పూర్తిగా ఉల్టా. అలవాటు ప్రకారం అందరూ తిప్పి వేసేది దీన్నే. చాలామంది పెద్ద కెపాసిటర్లన్నీ మార్చి ఈ చిన్నదాన్ని మరిచిపోతారు. ఇది పోతే బయాస్ పడిపోయి, పవర్ ట్యూబుల ప్లేట్లు ఎర్రగా కాలిపోతాయి.

ఈ రెండూ అయ్యాక మీ చేతిలో మీటర్ ఉండాలి గానీ కొత్త భాగాల సంచీ కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక ఆంప్‌లో అంతకు ముందే ఎవరో ప్రతి రెసిస్టర్‌నూ ప్రతి కెపాసిటర్‌నూ మార్చేశారు. అయినా అసలు బాధ, ధ్వని ఉన్నట్టుండి సన్నబడడం, అలాగే ఉంది. కారణం ఇన్‌పుట్ జాక్‌లోని చిన్న స్విచ్ రేకు. దాని మొన మీద నల్లటి పొర పట్టి ఉంది. శుభ్రం చేసి కాస్త వంచి బిగించగానే పోయింది. మొదట జాక్‌లో ప్లగ్గు కదిపి చూసి ఉంటే ఆ ఆంప్ తన అసలు భాగాలన్నిటితో ఈరోజుకీ ఉండేది. నాకు నిజంగా బాధ కలిగించేది ఇలాంటి పనే.

మరోటి. రెండు పవర్ ట్యూబుల్లో ఒకటి ఎప్పుడూ ఎర్రబడుతోంది, యజమాని ట్యూబులు మారుస్తూనే ఉన్నారు. ట్యూబులు రెండూ తీసేసి, ఆన్ చేసి, సాకెట్‌లో కంట్రోల్ గ్రిడ్ పిన్ను దగ్గర డీసీ కొలిచాను. చల్లగా ఉన్నప్పుడు రెండు వైపులా సరైన నెగటివ్ వోల్టేజీ. అలాగే వదిలేసి ఛాసిస్ వేడెక్కాక చూస్తే ఒకవైపు అంకె నెమ్మదిగా సున్నా వైపు జరుగుతోంది. ముందు దశ ప్లేట్ నుంచి వచ్చే కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి సంకేతాన్ని మాత్రం పంపాల్సినది) వేడికి లీకవుతోంది. అది ఒక్కటి మారిస్తే సరిపోయింది. కప్లింగ్ కెపాసిటర్లను ఆంప్ వేడెక్కాక మళ్లీ కొలవండి. మైనం పూసిన పాత కాగితపు రకాలు ఎక్కువగా లీకవుతాయి. 1960ల నాటి నీలం రంగు ప్లాస్టిక్ పోత ఉన్నవి చాలావరకు ఇంకా చక్కగా పనిచేస్తున్నాయి, వాటిని పీకవద్దు.

కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు వయసుతో విలువ పెరుగుతాయి. 100 కిలో ఓంలది 110 చూపించినంత మాత్రాన మార్చనక్కరలేదు. చిటపటలాడితే మార్చాలి, ముఖ్యంగా ప్లేట్ రెసిస్టర్లు. భాగాలన్నీ బాగుండి కూడా చిటపట పోకపోతే కింద ఉన్న నల్ల ఫైబర్ బోర్డును అనుమానించండి. తేమ పీల్చుకుంటే ఆ బోర్డే కరెంటును మోస్తుంది. మీటర్ మొనను బోర్డు మీద ఖాళీ చోట ఆనిస్తే వోల్టులు కనిపిస్తాయి. హెయిర్ డ్రయర్‌తో మెల్లగా వేడిచేస్తే కొన్నిసార్లు తగ్గుతుంది.

హమ్ గురించి ఒక సూత్రం. మెయిన్స్ పౌనఃపున్యంలోనే, అంటే 50 లేదా 60 హెర్ట్జ్‌లో మోగితే హీటర్లను, గ్రౌండ్ తీగలను, బయాస్ సరఫరాను చూడండి. దానికి రెట్టింపు మోగితే ప్రధాన ఫిల్టర్లను చూడండి. కొన్నాళ్లకు ఈ తేడా చెవికే తెలుస్తుంది.

చివరగా బయాస్ సరిచేయాలి. ఒక్కో పవర్ ట్యూబు కాథోడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1 ఓం రెసిస్టర్ వేస్తే, మీటర్ చూపే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీఆంపియరే. 6ఎల్6జీసీ ప్లేట్ గరిష్ఠంగా 30 వాట్లు భరిస్తుంది, అందులో 70 శాతం 21 వాట్లు. ప్లేట్ మీద 450 వోల్టులుంటే 46-47 మిల్లీఆంపియర్లు మీ పైహద్దు. కాస్త కిందే ఉంచితే ట్యూబులు ఎక్కువకాలం బతుకుతాయి, వినికిడిలో తేడా స్వల్పం. ట్యూబు మీద రాసింది చదివి లెక్క వేయండి. అదే సాకెట్‌లో కూర్చునే 5881 గరిష్ఠం 23 వాట్లే.

పాత భాగాలు మారిస్తే ఆ పాత ధ్వని పోతుందేమోనన్న మీ భయానికి ఒక చిన్న చరిత్ర చెబుతాను. ఫెండర్ బాస్‌మన్ ఆంప్ 5ఎఫ్6-ఏ సర్క్యూట్‌ను ఆధారం చేసుకుని 1962-63లో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం జేటీఎం45 ఆంప్‌ను తయారుచేసింది. కాగితం మీద రెండూ దాదాపు ఒకటే. కానీ ట్రాన్స్‌ఫార్మర్లు వేరు, స్పీకర్లు వేరు. ఒకటి వెనక తెరిచిన పెట్టెలో నాలుగు 10 అంగుళాల జెన్సెన్‌లతో, రెండోది మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాల సెలెస్టియన్‌లతో మోగేవి. వినగానే తేడా తెలుస్తుంది. ఆంప్ గొంతు ప్రధానంగా అక్కడుంది: స్పీకర్‌లో, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో, సర్క్యూట్ విలువల్లో. ఫిల్టర్ కెపాసిటర్ మీద పేరులో కాదు. అందుకే స్పీకర్ కోను చిరిగినా వెంటనే తీసేయకుండా, చిన్న చిరుగైతే పలుచటి కాగితం అతికించి వాడుకోండి. తీసిన ప్రతి అసలు భాగాన్నీ పేరు రాసి సంచిలో వేసి ఆంప్‌తోపాటే ఉంచండి.

ఇక ట్యూబులు. కొత్తగా తయారయ్యేవి స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి, వాటితో హాయిగా వాయించుకోవచ్చు. పాత కాలం నాటివాటికి ఇప్పుడే డబ్బు పెట్టవద్దు. ఆంప్ పూర్తిగా బాగుపడి బయాస్ కుదిరేదాకా కొత్తవే వాడండి. ఆంప్‌తో వచ్చిన పాతవాటిని మాత్రం పారేయకండి. గాజు లోపల వెండిలా మెరిసే మచ్చ పాలలా తెల్లబడి ఉంటే గాలి చొరబడినట్టు, ఆ ట్యూబు పనికిరాదు. వాయించేటప్పుడు గాజు లోపలి అంచున నీలి వెలుగు కనిపిస్తే భయపడాల్సిన పని లేదు, ప్లేట్ ఎర్రబడితే వెంటనే ఆపాలి. పాత 12ఏఎక్స్7లను ఒక్కొక్కటిగా మీరు కట్టిన చాంప్‌లో పెట్టి, వాల్యూమ్ సగం ఉంచి, పెన్సిల్ రబ్బరు కొసతో మెల్లగా తట్టండి. గణగణ మోగితే అది మొదటి దశకు పనికిరాదు, తర్వాతి దశల్లో పనికొస్తుంది. 6ఎల్6లను మాత్రం ఆ చిన్న ఆంప్‌లో పరీక్షించవద్దు: పిన్నులు సరిపోతాయి కానీ, వాటి హీటర్ 0.9 ఆంపియర్లు లాగుతుంది, 6వీ6ది 0.45 మాత్రమే. చాంప్ ట్రాన్స్‌ఫార్మర్ అంత భారానికి చేసింది కాదు.